జోసెఫ్ విలియం భోర్

సర్ జోసెఫ్ విలియం భోర్ (ఏప్రిల్ 6, 1878 - ఆగష్టు 15, 1960) బ్రిటిషు పాలనా కాలములో ఉన్నత పదవులు నిర్వహించిన భారతీయ ఐ.సి.ఎస్. అధికారి. కొచ్చిన్ సంస్థానానికి దివానుగాను, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యునిగాను పనిచేశాడు. అయితే ఈనాడు ఈయన పేరు ఆ పదవుల వల్ల కాక, 1943లో ఏర్పడిన ఆరోగ్య పరిశీలన, అభివృద్ధి సంఘానికి అధ్యక్షుడు కావడము వల్లనే ఎక్కువగా తెలుస్తున్నది. ఆ సంఘమే భోర్ కమిటీగా ప్రసిద్ధి చెందింది. వైద్య, నర్సింగు, సామాజిక శాస్త్ర విద్యార్థులందరూ పాఠ్యపుస్తకాలలో చదివే పేరు ఇది. గ్రామములో ఉండే సామాన్యునికి ఒక్క డాక్టరు కాక, డాక్టరు, నర్సు, మంత్రసాని, ఔషధ నిపుణుడు, పారిశుధ్య పర్యవేక్షకుడు కలసి పనిచేసే ఒక బృందము అందుబాటులో ఉండాలనీ, ఆ బృందము జీతభత్యాలు ప్రభుత్వమే భరించాలనీ ఈ సంఘము సిఫారసు చేసింది. మన ఊళ్ళలో కనిపించే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మూలము ఆ సిఫారసే.

బాల్యము, విద్య

భోర్ నాసిక్‌లో ఒక క్రైస్తవ కుటుంబములో జన్మించాడు. పూణేలోని బిషప్స్ హైస్కూలులోను, దక్కన్ కళాశాలలోను చదివి, ఆపైన లండన్ యూనివర్సిటీ కాలేజీలో విద్యాభ్యాసము చేశాడు. 1902లో ఇండియన్ సివిల్ సర్వీసులో చేరాడు. ఆ రోజులలో ఈ పరీక్ష ఇంగ్లాండులో మాత్రమే జరిగేది. అందువల్ల అందులో నెగ్గిన భారతీయుల సంఖ్య చాలా తక్కువ. ఈయన ఉద్యోగ జీవితము మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రారంభమైనది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలో భాగాలే.

1911లో మార్గరెట్ విల్కీ స్టాట్ అనే స్కాట్లాండు మహిళను వివాహమాడాడు. ఆమె వైద్యవిద్య చదివిన వ్యక్తి. భోర్ స్వయముగా వైద్యుడు కాడు.

ఉద్యోగ జీవితము

కొచ్చిన్ దివాను

1914లో భోర్ కొచ్చిన్ సంస్థానానికి దివానుగా నియమితుడై 1919 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఈయనకు ముందు ఎ.ఆర్. బెనర్జీ, తరువాత టి. విజయరాఘవాచార్య ఆ పదవిని నిర్వహించారు. సంస్థానాన్ని పాలిస్తున్న మహారాజు 1914లోనే సింహాసనము వదులుకొన్నాడు. అదే సంవత్సరములో మొదటి ప్రపంచ యుద్ధము కూడా వచ్చింది. అందుచేత ఈయన పదవీకాలమంతా కష్టకాలములోనే గడచింది. ఒక చిన్న రాజ్యము ఆదాయము, ఖర్చు, భూమి తగాదాలు, పాఠశాలలు, ఆసుపత్రులు అన్నిటినీ ఒకే బల్ల మీద చూడవలసిన ఉద్యోగము అది.

కేంద్ర ప్రభుత్వములో

1920లో లండనులోని భారత హైకమీషనరు కార్యాలయములో కార్యదర్శిగా చేరి, 1922-23లో తాత్కాలికముగా హైకమీషనరు బాధ్యతలు కూడా నిర్వహించాడు. 1924 నుండి కొన్నేళ్ళు భారత ప్రభుత్వ విద్య, ఆరోగ్య, భూముల శాఖకు కార్యదర్శిగా ఉన్నాడు. 1919 సంస్కరణల తరువాత ఆరోగ్యము రాష్ట్రాల విషయమైనది. కేంద్రములో ఉన్న శాఖకు సలహా చెప్పే అధికారమే తప్ప డబ్బు ఇచ్చే శక్తి గాని, ఆజ్ఞాపించే శక్తి గాని అంతగా లేవు. ఇరవై ఏళ్ళ తరువాత భోర్ కమిటీ నివేదికలో ఖర్చు ఎవరు భరించాలి అనే ప్రశ్నకు అంత స్థానము ఉండడానికి ఈ పరిస్థితి కూడా ఒక కారణమనుకోవచ్చు.

1928-30లో సైమన్ కమీషను కార్యదర్శిగా పనిచేశాడు. దేశమంతటా బహిష్కరణకు గురైన ఆ కమీషనులో పనిచేసినందువల్ల జాతీయవాదులకు ఈయనపై అభిమానము ఉండే అవకాశము లేదు. 1930లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో పరిశ్రమలు, కార్మిక శాఖ సభ్యుడైనాడు. 1932 నుండి 1935 వరకు వాణిజ్యము, రైల్వేల శాఖను చూశాడు. 1933లో జపాను నూలుబట్టల దిగుమతి మీద వివాదము వచ్చి, జపాను మిల్లులు భారతదేశపు పత్తిని కొనడము మానివేసినపుడు, సిమ్లాలో జరిగిన చర్చలలో భారత పక్షానికి భోర్ నాయకత్వము వహించాడు. జపాను కొనే పత్తి పరిమాణాన్ని బట్టి ఆ దేశపు బట్టల దిగుమతిని నిర్ణయించే ఒప్పందము 1934లో కుదిరింది. ఈయనకు 1930లో కె.సి.ఐ.ఇ., 1933లో కె.సి.ఎస్.ఐ. బిరుదులు లభించాయి. 1935లో ప్రభుత్వ ఉద్యోగము నుండి విరమించాడు.

భోర్ కమిటీ

నేపథ్యము

రెండవ ప్రపంచ యుద్ధము జరుగుతుండగా, 1943 అక్టోబరులో భారత ప్రభుత్వము భోర్ అధ్యక్షతన ఈ సంఘాన్ని నియమించింది. బెంగాలు కరువు లక్షల మందిని పొట్టన పెట్టుకొంటున్న సంవత్సరము అది. ఇంగ్లాండులో అంతకు ముందు సంవత్సరమే బెవరిడ్జ్ నివేదిక వెలువడి, యుద్ధానంతరము ప్రజలందరికీ వైద్యము అందించే ఆలోచనకు బలము వచ్చింది. అక్కడే 1920లో డాసన్ అనే వైద్యుని అధ్యక్షతన తయారైన మరొక నివేదిక, సాధారణ వైద్యులు, నర్సులు, మంత్రసానులు ఒకే కప్పు క్రింద పనిచేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ప్రతిపాదించింది. కాని ఆ నివేదిక చాలా కాలము అల్మారాలోనే ఉండిపోయింది.

మన దేశములోను ఇటువంటి ప్రయత్నాలు లేకపోలేదు. కలకత్తా సమీపాన సింగూరులో 1939లో ప్రయోగాత్మకముగా ఒక ఆరోగ్య కేంద్రము ప్రారంభమైనది. దానితో సంబంధమున్న కలకత్తా ఆరోగ్య శాస్త్ర సంస్థ అధిపతి జాన్ గ్రాంట్ భోర్ కమిటీలో సభ్యుడు. కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘము తరఫున కర్నల్ సోఖే అధ్యక్షతన ఒక ఉపసంఘము వెయ్యి మందికి ఒక ఆరోగ్య కార్యకర్త ఉండాలని అప్పటికే సూచించింది. డాక్టర్ బి.సి. రాయ్, డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్, కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి మొదలైనవారు భోర్ కమిటీలో ఉన్నారు. ప్రజారోగ్యము, వైద్య సహాయము, వృత్తి విద్య, వైద్య పరిశోధన, పారిశ్రామిక ఆరోగ్యము అనే ఐదు విషయాలకు ఐదు ఉపసంఘాలు ఏర్పడ్డాయి. నివేదిక 1946లో నాలుగు సంపుటాలుగా వెలువడింది.

కనుగొన్న పరిస్థితి

అప్పటి బ్రిటిషు ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. సగటు ఆయుర్దాయము సుమారు 27 సంవత్సరాలు. ఇంగ్లాండులో వెయ్యి మందికి ఏడు ఆసుపత్రి పడకలుండగా ఇక్కడ 0.24 మాత్రమే ఉన్నాయి. అనగా నాలుగు వేల మందికి ఒక్క పడక.

సిబ్బంది విషయములో సంఘము చూపిన లెక్కలు ఇంకా ఆలోచింపజేస్తాయి. దాదాపు 30 కోట్ల జనాభాకు 47,500 మంది డాక్టర్లు, 7,000 మంది నర్సులు, 5,000 మంది మంత్రసానులు, 750 మంది హెల్త్ విజిటర్లు, 1,000 మంది అర్హతగల దంతవైద్యులు, 75 మంది అర్హతగల ఫార్మసిస్టులు ఉన్నారు. అంటే 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు, 40 లక్షల మందికి ఒక ఫార్మసిస్టు. దాదాపు ఏడుగురు డాక్టర్లకు ఒక నర్సు ఉన్నట్లు లెక్క తేలుతుంది. డాక్టర్ల కొరత గురించి అందరూ మాట్లాడుతున్న సమయములో, అంతకంటె పెద్ద కొరత నర్సులదీ ఇతర సిబ్బందిదీ అని ఈ అంకెలు స్పష్టము చేశాయి. పైగా ఉన్న డాక్టర్లలో ఎక్కువ మంది పట్టణాలలో సొంత ప్రాక్టీసులో ఉండేవారు. దేశ జనాభాలో అత్యధికులు నివసించేది పల్లెలలో.

సిఫారసులు

నివేదిక వేసిన పునాది సూత్రము ఒకటే. డబ్బు చెల్లించలేకపోవడము వల్ల ఏ వ్యక్తీ తగిన వైద్యానికి దూరము కాకూడదు. రోగము వచ్చాక నయము చేయడము, రాకుండా నివారించడము అనే రెండు పనులను వేరువేరు శాఖలుగా కాక ఒకే వ్యవస్థగా నడపాలి. ఆ వ్యవస్థ ప్రజల నివాసాలకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

దీనికి రెండు పథకాలు సూచించారు. వెంటనే అమలు చేయదగిన స్వల్పకాలిక పథకములో 40,000 గ్రామీణ జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉంటుంది. దాని సిబ్బంది ఈ విధముగా ఉండాలి:

డాక్టర్లు - 2
ప్రజారోగ్య నర్సులు - 4
నర్సు - 1
మంత్రసానులు - 4
శిక్షణ పొందిన దాయీలు - 4
శానిటరీ ఇన్స్పెక్టర్లు - 2
ఆరోగ్య సహాయకులు - 2
ఫార్మసిస్టు - 1
నాలుగవ తరగతి ఉద్యోగులు - 15

మొత్తము 35 మంది. వీరిలో డాక్టర్లు ఇద్దరే అన్న విషయము గమనించదగినది. ప్రజారోగ్య నర్సు పదివేల మంది బాధ్యత తీసుకొని ఇంటింటికీ తిరుగుతుంది. కాన్పులు మంత్రసానుల పని. బావుల నీరు, మురుగు, అంటువ్యాధుల విషయాలు ఇన్స్పెక్టర్లు చూస్తారు. ఎవరి పని వారు చేస్తే డాక్టరు తాను మాత్రమే చేయగలిగిన పనికి సమయము కేటాయించగలడు. ఈ కేంద్రాలకు సహాయము చేయడానికీ, పర్యవేక్షించడానికీ పైన ద్వితీయ స్థాయి కేంద్రాలు ఉంటాయి.

దీర్ఘకాలిక పథకము ముప్పది లక్షల జనాభాగల జిల్లాను ఆధారముగా తీసుకొన్నది. పది నుండి ఇరవై వేల మందికి ఒక 75 పడకల ఆసుపత్రి, అందులో ఆరుగురు డాక్టర్లు, ఆరుగురు ప్రజారోగ్య నర్సులు, ఇతర సిబ్బంది ఉంటారు. ఆపైన 650 పడకల ఆసుపత్రులు, జిల్లా కేంద్రములో 2,500 పడకల ఆసుపత్రి ఉండాలి. 1971 నాటికి రెండు వేల మందికి ఒక డాక్టరు, ఐదువందల మందికి ఒక నర్సు లక్ష్యము. ఇందుకు 1,85,000 మంది డాక్టర్లు, 7,40,000 మంది నర్సులు కావలసి ఉంటుందని అంచనా వేశారు. ఏడుగురు డాక్టర్లకు ఒక నర్సు ఉన్న దేశములో ఒక డాక్టరుకు నలుగురు నర్సులు ఉండే స్థితి రావాలని దీని అర్థము. నివేదికలో అన్నిటికంటె సాహసమైన ప్రతిపాదన ఇదే అనవచ్చు.

ఖర్చు విషయములో ప్రభుత్వాలు తమ రాబడిలో కనీసము 15 శాతము ఆరోగ్యానికి వెచ్చించేలా చట్టబద్ధమైన నిబంధన ఉండాలని సంఘము కోరింది. జీతము తీసుకొనే ప్రభుత్వ వైద్యులు సొంత ప్రాక్టీసు చేయరాదని కూడా చెప్పింది. ఒకే మనిషి ఉదయము ఉచిత వైద్యము, సాయంత్రము రుసుము వైద్యము చేస్తే పేదవానికి దక్కే శ్రద్ధ తగ్గుతుందని సంఘము భావన. గ్రామాలలో ఐదు నుండి ఏడుగురు సభ్యులతో ఆరోగ్య సంఘాలు ఏర్పరచాలనీ, వైద్య విద్యార్థులకు మూడు నెలలు నివారణ, సామాజిక వైద్యములో శిక్షణ ఇవ్వాలనీ, దేశానికి ఒక అత్యున్నత వైద్య విద్యాసంస్థ ఉండాలనీ సూచించింది. ఈ చివరి సూచన ఫలితముగానే 1956లో ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడింది.

భిన్నాభిప్రాయాలు

సంఘములో అన్ని విషయాల మీద ఏకాభిప్రాయము రాలేదు. అప్పట్లో తక్కువ కాలములో చదువు పూర్తిచేసి వచ్చే లైసెన్షియేట్ డాక్టర్లు ఉండేవారు. తెలుగు జిల్లాల పాతతరమువారికి ఎల్.ఎం.పి. డాక్టర్లుగా వీరు సుపరిచితులు. చిన్న పట్టణాలలో, పెద్ద పల్లెలలో వైద్యము చేసినవారిలో వీరే ఎక్కువ. ఇకమీదట దేశములో ఒకే రకము డాక్టరు, అంటే పూర్తి డిగ్రీ పొందినవారే ఉండాలని అధిక సంఖ్యాకులు నిర్ణయించారు. పల్లెవానికి తక్కువ చదువు చదివిన డాక్టరు, పట్టణమువానికి ఎక్కువ చదివిన డాక్టరు అనే భేదము ఉండరాదని వారి వాదన. కొందరు సభ్యులు దీనితో విభేదించారు. డిగ్రీ డాక్టర్లు తగినంత మంది తయారై పల్లెలకు వచ్చేదాకా లైసెన్షియేట్ల శిక్షణ కొనసాగించకపోతే పల్లెలకు ఎవరూ మిగలరని వారి భయము. తరువాతి అనుభవము ఈ భయము నిరాధారము కాదని చూపింది.

ఆయుర్వేదము, యునానీ వంటి దేశీయ వైద్య విధానాలను సంఘము తన ప్రణాళికలో చేర్చక, వాటి విషయము రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలివేసింది. పల్లె ప్రజలు ఎక్కువగా ఆధారపడుతున్న వైద్యులను ప్రక్కన పెట్టారనే విమర్శ వచ్చింది. 1946లోనే చోప్రా అధ్యక్షతన ఈ విషయానికి వేరొక సంఘము ఏర్పడింది.

అమలు

నివేదిక వెలువడిన మరుసటి సంవత్సరమే దేశానికి స్వాతంత్ర్యము వచ్చింది. విభజన, శరణార్థుల సమస్య, ఆహార కొరత మధ్య అంత ఖర్చుగల పథకాన్ని పూర్తిగా చేపట్టే స్థితి లేదు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆరోగ్యానికి దక్కినది మొత్తము వ్యయములో 3.3 శాతము. సంఘము కోరిన 15 శాతము ప్రభుత్వాల రాబడిలో వాటా కాబట్టి ఈ రెండు అంకెలను సూటిగా పోల్చలేము. అయినా ఆరోగ్యానికి దొరికిన ప్రాధాన్యము ఎంతో దీని వల్ల తెలుస్తుంది.

1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకములో భాగముగా, బ్లాకుకు ఒకటి చొప్పున ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. అయితే ఒక్కొక్క బ్లాకు జనాభా భోర్ చెప్పిన 40,000 కంటె చాలా ఎక్కువ. సిబ్బంది మాత్రము ఆయన చెప్పినదాని కంటె తక్కువ. పేరు వచ్చింది, భవనము వచ్చింది గాని బృందము పూర్తిగా రాలేదు. భోర్ కమిటీ సభ్యుడే అయిన లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1959లో నియమితమైన మరొక సంఘము ఈ కేంద్రాల పనితీరు పరిశీలించి అసంతృప్తి వెలిబుచ్చింది. కొత్తవి తెరవడానికి ముందు ఉన్నవాటిని బలపరచాలనీ, ఒక కేంద్రానికి 40,000 మందికి మించరాదనీ అది మళ్ళీ చెప్పవలసి వచ్చింది. 1973లో కర్తార్ సింగ్ సంఘము, ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క ఉద్యోగి తిరిగే పద్ధతి మాని, ఉపకేంద్రానికి ఒక పురుష, ఒక మహిళా బహుళార్థ కార్యకర్త ఉండాలని సూచించింది. 1983 జాతీయ ఆరోగ్య విధానము తరువాత మైదాన ప్రాంతాలలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాలలో 20,000 మందికి ఒక కేంద్రము అనే ప్రమాణము స్థిరపడింది. జనాభా ప్రమాణము విషయములో ఇది భోర్ స్వల్పకాలిక పథకాన్ని దాటినట్లే. సిబ్బంది విషయములో అలా చెప్పలేము.

ఇతర దేశాలతో పోల్చి చూస్తే సమస్య ఎక్కడున్నదో తెలుస్తుంది. ఇంగ్లాండులో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పటికీ సాధారణ వైద్యులు చాలా కాలము ఒంటరిగానే పనిచేశారు. 1966లో జరిగిన ఒప్పందము ప్రకారము వారు నియమించుకొనే సహాయక సిబ్బంది జీతాలలో 70 శాతము ప్రభుత్వము తిరిగి చెల్లించసాగింది. ఆ తరువాతనే అక్కడ నర్సులతో కూడిన వైద్య బృందాలు విస్తరించాయి. బృందము కావాలనే కోరిక ఎంత ఉన్నా, జీతము ఎవరిస్తారో తేలనిదే బృందము ఏర్పడదని ఈ చరిత్ర చెబుతున్నది.

ప్రభావము

2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ద్వారా సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్త వచ్చింది. ఇది భోర్ కంటె సోఖే ఉపసంఘము ఆలోచనకు దగ్గరగా ఉంది. గ్రామ ఆరోగ్య సంఘాలు కూడా అప్పుడే విస్తృతముగా ఏర్పడ్డాయి. 2018 నుండి ఉపకేంద్రాలలో డాక్టరు కాని మధ్యస్థాయి ఆరోగ్య అధికారులను, ముఖ్యముగా నర్సింగు చదివినవారిని నియమిస్తున్నారు. లైసెన్షియేట్ల రద్దుతో 1946లో మొదలైన వాదన ఈ విధముగా మరొక రూపములో తిరిగి వచ్చింది. తెలుగు రాష్ట్రాలలో చూస్తే, 2018లో హైదరాబాదులో డాక్టరు, నర్సు, సహాయకులతో బస్తీ దవాఖానాలు మొదలైనాయి. 2023లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము చేపట్టిన ఫ్యామిలీ డాక్టరు పథకములో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు అనే ఏర్పాటు జరిగింది. భోర్ పట్టికలోని మొదటి వరుస కూడా అదే. 2017 జాతీయ ఆరోగ్య విధానము ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచాలని లక్ష్యము పెట్టుకొన్నది. రాబడిలో ఇంత శాతము చట్టబద్ధముగా కేటాయించాలన్న భోర్ సిఫారసు మాత్రము అమలు కాలేదు.

అంచనా

భోర్ ఉద్యమకారుడు కాడు, వైద్యుడు కాడు, ప్రజా నాయకుడు అంతకన్నా కాడు. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన అధికారి. పరాయి ప్రభుత్వానికి సేవ చేసినవాడు కావడము వల్ల స్వాతంత్ర్యానంతర చరిత్ర గ్రంథాలలో ఈయనకు పెద్ద స్థానము దొరకలేదు. అయితే ఈయన అధ్యక్షతన తయారైన నివేదిక మనిషికి వైద్యము దయాధర్మము కాదనీ, అది ప్రభుత్వ బాధ్యత అనీ నిలబడి చెప్పింది. ఆ బాధ్యతకు ఎంత మంది మనుషులు కావాలో, వారు ఎవరెవరో, వారికి డబ్బు ఎక్కడి నుండి రావాలో లెక్క కట్టి చూపింది. తరువాత వచ్చిన ప్రతి సంఘమూ ఆ లెక్కతోనే తన పని మొదలుపెట్టవలసి వచ్చింది.

భోర్ 1960 ఆగష్టు 15న తన 82వ ఏట మరణించాడు. ఆ నాటికి సమాజ వికాస బ్లాకులలో ఆరోగ్య కేంద్రాలు పనిచేస్తూ ఉన్నాయి. ఆయన లక్ష్యముగా పెట్టిన 1971 రావడానికి ఇంకా పదకొండు సంవత్సరాలు ఉన్నది.